లండన్ పేపర్లూ, గుత్తి స్టేషన్ పార్సిలూ

(పాఠకుల ప్రశ్నలూ జవాబులూ. పోయిన నెల ఇంగ్లీషు పేపర్ల మీద నాలుగు ముక్కలు రాసిన పాపానికి ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు అన్నీ పేపర్ల మీదే వచ్చి పడినాయి. పెన్షన్లు, పట్టాదారు పాసుపుస్తకాల ప్రశ్నలు అడిగినోళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.)

ప్రశ్న: సార్, మా పిల్లోడు ఇంగ్లండులో లీడ్స్‌లో ఎమ్మెస్సీ చదువుతాండాడు. ఆడ సూపర్ మార్కెట్‌లో పాలకు పోతే గుమ్మం దగ్గరే పదీ పన్నెండు రకాల పేపర్లు పేర్చింటారంట, అన్నీ జాతీయ పేపర్లేనంట, ఒకే వార్త ఒక్కోదాంట్లో ఒక్కో మాదిరి ఉంటాదంట. అంత చిన్న దేశానికి అన్ని ఎందుకు, ఇంత పెద్ద దేశంలో మన జాతీయ పేపర్ ఏది?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, చిన్న దేశం కాబట్టే అన్ని ఉన్నాయి. లండన్ నుంచి స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోకి రైలు దారి 650 కిలోమీటర్లు కూడా లేదు. రాత్రి లండన్‌లో అచ్చేసి రైలెక్కిస్తే పొద్దున టీ టైముకు దేశంలో చానా ఊర్లకు చేరిపోయేది, ఉత్తరం వైపు ఊర్లకని మాంచెస్టర్‌లో కూడా అచ్చేసేవాళ్లు. పేపర్ల కోసమే ప్రత్యేకంగా రాత్రి రైళ్లు 1980ల దాకా నడిచినాయి. అన్నీ ఒకే భాష, అన్నీ ఒకే బల్ల మీద, పొద్దున ఒకే గంటలో. ఒకే బల్ల మీద పన్నెండు మంది వరసగా కూర్చుంటే ఎవరి మొహం వాళ్లకు వేరేగా ఉండాల్సిందే కదా, లేకుంటే ఎవరు చూస్తారు? అందుకే ఒకటి కోటు వేసుకుని కూర్చుంటే ఇంకొకటి సంతలో మాదిరి అరుస్తాది.

మన సంగతి చూడండి. ఢిల్లీ నుంచి చెన్నైకి రైల్లో దాదాపు 2,200 కిలోమీటర్లు. నేను చిన్నప్పుడు గుత్తిలో ఉండేవాణ్ని, మద్రాసు నుంచి కడప మీదుగా బొంబాయి పోయే రైల్లో ఇంగ్లీషు పేపర్ పార్సిల్ దిగేది, ఏజెంటు సైకిల్ మీద తెచ్చి మా అయ్యవారింట్లో వేసేసరికి మధ్యాహ్నం సంగటి తినే టైమయ్యేది, రైలు లేటయితే సాయంత్రం. ఆ పేపరేమో ‘ఈ రోజు’ అని రాసింటాది, మేము చదివేది నిన్నటి సంగతి. ది హిందూ వాళ్లు ఈ దూరంతో విసిగిపోయి 1963లో సొంతంగా విమానాలే కొన్నారు పేపర్లు మోయడానికి, 1969 నుంచి పేజీ బొమ్మను వైరు మీద పంపి ఇంకో ఊర్లో అచ్చేసుకోవడం మొదలుపెట్టినారు, 1986కి శాటిలైట్ వచ్చింది. అంటే మన దేశంలో ఒకే పేపరు దేశమంతా ఒకే పొద్దుటికి చేరడమనేది మొన్నమొన్నటి ముచ్చట. ఆ లోపల ఏ ఊరి పేపర్ ఆ ఊర్లో పాతుకుపోయింది. కలకత్తాకు స్టేట్స్‌మన్, బొంబాయికి టైమ్స్ ఆఫ్ ఇండియా, ఢిల్లీకి హిందుస్థాన్ టైమ్స్, మద్రాసుకు హిందూ.

కాబట్టి మన దగ్గర ‘జాతీయ పేపర్’ అంటే పది ఇరవై ఊర్లలో ఒకే పేరుతో వేర్వేరుగా అచ్చయ్యే ఇంగ్లీషు పేపర్ అని అర్థం, అంతే. ఎక్కువగా అమ్ముడయ్యేది హిందీ పేపర్లు, దైనిక్ జాగరణ్, దైనిక్ భాస్కర్ లాంటివి, వాటిని మీ ప్రొద్దుటూరులో ఎవురు చదువుతారు? కోట్ల మంది చదివే పేపర్ కూడా మనకు జాతీయం కాదు, మా గుత్తిలో పది కాపీలు దిగేదాన్నేమో జాతీయ పేపర్ అంటాం, చూడండి విచిత్రం.

ప్రశ్న: ఆ ఇంగ్లండు పేపర్ల గుణగణాలు ఒక్కొక్కటీ చెప్పండి సార్. ఏది ఎవరు చదువుతారు, ఏది ఎవరి పక్షం?
– రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్, కర్నూలు బి.క్యాంపు

జవాబు: మాస్టారూ, అన్నీ చెప్తే పత్రిక మొత్తం నాకే ఇయ్యాల, ఎడిటర్ ఒప్పుకోడు. నాకు ఇష్టమైనవి చెప్తా.

ది టైమ్స్ 1785లో వేరే పేరుతో పుట్టి 1788లో ఈ పేరు పెట్టుకుంది. పెద్దమనుషుల పేపర్. ఎంత పెద్దమనిషి అంటే 1966 మే దాకా మొదటి పేజీలో వార్తలే వేయలేదు, అన్నీ చిన్న చిన్న ప్రకటనలే, వార్త కావాల్నంటే లోపలికి పోవాల్సిందే. (నవ్వొద్దు, మన హిందూ కూడా 1958 జనవరి దాకా అంతే. ఇప్పుడు చూస్తే పేపర్ పైన జాకెట్ అని ఫుల్ పేజీ బంగారం షాపు యాడ్, తిరిగి తిరిగి అక్కడికే వచ్చినాం.) మీరు కంప్యూటర్లో అర్జీ టైప్ చేయిస్తే నెట్ సెంటర్ పిల్లోడు టైమ్స్ న్యూ రోమన్ అని ఒక అక్షరాల రకం పెడతాడు కదా, అది ఈ పేపర్ తన కోసం 1932లో చేయించుకున్నదే.

డైలీ టెలిగ్రాఫ్ 1855లో వచ్చింది. ఆ ఏడే ఎందుకంటే పేపర్ల మీద ఉన్న స్టాంప్ పన్ను అప్పుడే ఎత్తేసినారు, దాంతో ఒక్క పెన్నీకే పేపర్ ఇయ్యగలిగినారు. కన్జర్వేటివ్ పార్టీ మనుషుల పేపర్, రిటైర్డ్ మిలిటరీ ఆఫీసర్ పొద్దున్నే గార్డెన్‌లో కూర్చుని చదివేది అని వాళ్లే జోకులేసుకుంటారు. దానికి ఎదురుగా గార్డియన్. అది లండన్‌ది కాదు, 1821లో మాంచెస్టర్‌లో పుట్టింది, బట్టల మిల్లుల ఊరు. 1959 దాకా పేరే మాంచెస్టర్ గార్డియన్. వామపక్షం వైపు మొగ్గేది, టీచర్లు, లెక్చరర్లు చదువుతారు, అంటే మీరు ఆడుంటే అదే తెప్పించుకునేవాళ్లని నా లెక్క. 1936 నుంచి ఒక ట్రస్టు కింద ఉంది, ఒక షావుకారు చేతిలో పడకుండా. దాని పాత ఎడిటర్ సీ.పీ. స్కాట్ 1921లో ఒక మాటన్నాడు, వ్యాఖ్యానం ఎవురైనా చేసుకోవచ్చు, వాస్తవాలు మాత్రం పవిత్రమైనవి అని.

డైలీ మెయిల్ 1896ది, అర పెన్నీ పేపర్. 1870 చట్టంతో బడులు పెరిగి కొత్తగా చదువొచ్చిన గుమాస్తాలు, షాపు పనివాళ్లు లక్షల్లో తయారైనారు, వాళ్లకు టైమ్స్ అర్థం కాదు, కొనలేరు కూడా. హార్మ్స్‌వర్త్ అనేటాయన ఆ జనాన్ని పట్టుకున్నాడు. మిర్రర్ 1903లో ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే నడిపే పేపర్ అని పెట్టి, అది ఆడకపోతే బొమ్మల పేపర్ చేసి, తర్వాత తర్వాత కార్మికుల పేపర్ అయిపోయింది, ఇప్పటికీ లేబర్ పార్టీ వైపే. ఇండిపెండెంట్ అని 1986లో ఒకటి వచ్చింది, టెలిగ్రాఫ్ వదిలేసిన ముగ్గురు జర్నలిస్టులు పెట్టింది, చక్కటి పేపర్, నాకు ప్రాణం, 2016లో అచ్చు ఆపేసి నెట్‌కి పోయింది.

ఇంక సన్. దాని ముందు జన్మ డైలీ హెరాల్డ్ అని కార్మిక సంఘాల పేపర్, 1964లో పేరు మార్చి సన్ అన్నారు, 1969లో రూపర్ట్ మర్డోక్ అనే ఆస్ట్రేలియా పేపర్ల షావుకారు కొన్నాడు. అంతే, కార్మిక సంఘం పోయింది, క్రికెట్టు, ఫుట్‌బాల్, సినిమావాళ్ల ఇంటి గొడవలు, లోపలి పేజీలో బట్టల్లేని అమ్మాయి బొమ్మ. లక్షలకు లక్షలు అమ్ముడుపోయింది. కానీ ఒక్క ఊర్లో మాత్రం దెబ్బ తినింది, ఆ కథ చెప్పకుండా ఉండలేను. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ ఊర్లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట, లివర్‌పూల్ అభిమానులు 97 మంది పోయినారు (ఆఖరాయన 2021లో, ఆ గాయాలతోనే). నాలుగు రోజులకు సన్ మొదటి పేజీలో ‘నిజం’ అని ఇంతింత అక్షరాల్లో హెడ్డింగ్ పెట్టి, అభిమానులే తాగి శవాల జేబులు కొట్టినారు, పోలీసుల మీద మూత్రం పోసినారు అని రాసింది. అంతా అబద్ధం. పోలీసుల వైపు నుంచి వచ్చిన కబురును అట్లే అచ్చేసినారు. లివర్‌పూల్ వాళ్లు ఆ పేపర్ కొనడం ఆపేసినారు. ఒక వారం కాదు, ఒక నెల కాదు, ఇప్పటికీ. ఆ ఊర్లో చానా షాపుల్లో అమ్మరు. 2012లో పేపర్ వాళ్లు మొదటి పేజీలోనే క్షమాపణ వేసినా కొనలేదు. మన దగ్గర పేపర్ మీద కోపమొస్తే మూడు రోజులు ఆపి నాలుగో రోజు ఏజెంటుకు ఫోన్ చేసి ‘ఏమప్పా, వేయడం లేదే’ అంటాం.

ప్రశ్న: ఎన్నికలప్పుడు ఆ పేపర్లు ఫలానా పార్టీకి ఓటేయండి అని నేరుగా రాస్తాయంట, నిజమేనా అన్నా?
– ఆటో డ్రైవర్, కడప ఏడురోడ్ల కూడలి

జవాబు: నిజమే తమ్ముడూ, సంపాదకీయంలో బాహాటంగా రాస్తారు. 1992లో కన్జర్వేటివ్‌లు గెలిస్తే ‘గెలిపించింది సన్నే’ అని మరుసటి రోజు మొదటి పేజీలో జబ్బలు చరుచుకున్నారు, అదే పేపర్ 1997లో ఎదుటి లేబర్ పార్టీ నాయకుడు టోనీ బ్లెయిర్ వైపు దూకింది, గాలి ఎటుంటే అటు. మన దగ్గర ఏ పేపరూ అట్లా రాయదు, నిష్పక్షపాతం అంటాది, కానీ ఏ పేపర్ ఎవరిదో మీ ఆటో స్టాండులో ఎవుర్ని అడిగినా చెప్తారు. నాకైతే వాళ్ల పద్ధతే మేలనిపిస్తాది, ముందే చెప్పేస్తే చదివేవాడు దానికి తగ్గట్టు కొంచెం ఉప్పు తగ్గించుకుని చదువుకుంటాడు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లుగా పేపర్ ఏజెన్సీ నడుపుతున్నా. టాబ్లాయిడ్ అంటే మాకు జిల్లా పేపరే, మెయిన్ లోపల పెట్టి మడిచేది. మీరేమో పోయిన నెల టాబ్లాయిడ్ అంటే చవకబారు పేపర్ అన్నట్టు రాసినారు. మేము మడిచేది చవకబారుదా?
– ఏజెంటు, అనంతపురం

జవాబు: అన్నా, తప్పు నాదే, కోపగించుకోవద్దు. ఆ మాటకు రెండు అర్థాలు ఉన్నాయి, ఒకటి సైజు, ఇంకోటి స్వభావం. మామూలు పెద్ద పేపర్‌ను సగానికి మడిస్తే వచ్చే సైజు టాబ్లాయిడ్. అసలు ఈ మాట మందుల షాపుది. బరోస్ వెల్‌కమ్ అనే లండన్ మందుల కంపెనీ 1884లో పొడి మందును గట్టిగా నొక్కి బిళ్లలు చేసి వాటికి ట్యాబ్లాయిడ్ అని పేరు రిజిస్టర్ చేసుకుంది. తర్వాత ఏది చిన్నగా నొక్కేసినా జనం ఆ మాట వాడినారు, చిన్న సైజు పేపర్లో వార్తను కూడా బిళ్ల మాదిరి కుదించి వేస్తారు కదా, అట్లా అంటుకుంది. ఆ సైజులో వచ్చినవి చానావరకు అరుపుల పేపర్లే కాబట్టి పేరుకు చెడ్డపేరు వచ్చింది. ఇప్పుడు ఆ తేడా కూడా పోయింది, బస్సులో, రైల్లో పెద్ద పేపర్ విప్పితే పక్కనోడి ముక్కుకు తగుల్తాదని 2003 తర్వాత ఇండిపెండెంట్, టైమ్స్ రెండూ చిన్న సైజుకు వచ్చేసినాయి, మేము టాబ్లాయిడ్ కాదు ‘కాంపాక్ట్’ అని చెప్పుకున్నాయి, పరువు కోసం. గార్డియన్ 2018లో వచ్చింది.

మందు బిళ్ల అంటే గుర్తొచ్చింది. తెలుగువాళ్ల పేపర్ కూడా మందుతోనే బతికింది. అమృతాంజనం డబ్బాలు అమ్మిన డబ్బుతోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టినారు, 1914లో మద్రాసులో దినపత్రిక చేసినారు. తలనొప్పి పోగొట్టి ఆ డబ్బుతో తెల్లదొరలకు తలనొప్పి తెచ్చినారు.

మీరు మడిచే జిల్లా టాబ్లాయిడ్ 1989లో ఈనాడు మొదలుపెట్టింది, మిగతావాళ్లు వెంటబడినారు. చవకబారు కాదు, కానీ దాని మీద నాకు వేరే కంప్లైంట్ ఉంది, కింద ఆదోని అబ్బాయికి చెప్తున్నా, మీరూ చదవండి.

ప్రశ్న: మా ఊరి పత్తి మార్కెట్ గొడవ మీద పేపర్లో పెద్దగా వచ్చింది. నంద్యాలలో ఉండే మా అక్కకు ఫోన్ చేసి చూడమంటే అదే పేపర్, అదే తేదీ, కానీ ఆ వార్తే లేదు అంటాది. ఎట్లా?
– ఆదోని నుంచి ఒక పాఠకుడు

జవాబు: అబ్బీ, నేను ఇరవై ఏళ్లు డెస్కులో కూర్చున్నోణ్ని, ఇది రోజూ చేసిన పనే. జిల్లా పేజీల్లో కూడా మళ్లీ ముక్కలుంటాయి, నియోజకవర్గం పేజీ అని, జోన్ పేజీ అని. ఆదోని పేజీ ఆదోని బండికే ఎక్కుతాది, నంద్యాల బండికి నంద్యాల పేజీ. రాత్రి దూరం పోయే బండి ముందు కదులుతాది, దాన్ని డాక్ ఎడిషన్ అంటాం, దగ్గరూర్లకు పోయేది ఆఖర్న. అందుకే దూరం ఊర్లో రాత్రి మ్యాచ్ స్కోరు ఉండదు, ‘కడపటి వార్తలు అందేసరికి’ అని ఉంటాది, టౌన్‌లో ఉండేవాడికి మాత్రం ఎవరు గెలిచిందీ ఉంటాది.

ఊరి వార్త పేపర్లో వచ్చేదే ఒక గొప్ప, నేను కాదనను. 1989కి ముందు మీ ఊరి పేరు పేపర్లో పడాలంటే తొక్కిసలాటో, బస్సు బోల్తానో, ఫ్యాక్షన్ హత్యో జరగాల, ఇప్పుడు మీ వీధి కుళాయి గురించి కూడా ఫోటోతో వస్తాది, మున్సిపల్ వాళ్లు భయపడి రిపేరు చేస్తారు. కానీ ఏమైందంటే మీ పత్తి ధర సంగతి నంద్యాల రైతుకు తెల్దు, అనంతపురం శనగ రైతు బాధ ఆదోనికి తెల్దు, ఒకే సీమ, ఒకే కరువు, ఒకే పేపర్, అయినా ఎవరి ముక్క వాళ్లదే. ఇంగ్లండులో ఒక పేపర్ దేశమంతటికీ ఒకే మాట అరుస్తాది, మన పేపర్ ఊరికో మాట గుసగుసలాడుతాది. నన్నడిగితే జిల్లా పేజీల మీద మొదటి పేజీ ఒకటన్నా సీమంతటికీ కలిపి వేయాల. ఒకసారి మీటింగులో అంటే సర్క్యులేషన్ మేనేజర్ నవ్వినాడు, ఏ పేపరో మాత్రం అడగొద్దు.

ప్రశ్న: నేను గ్రూప్స్, సివిల్స్ రెండూ ప్రిపేర్ అవుతున్నా. కోచింగ్‌లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ చదవమన్నారు, మా రూమ్‌కి వచ్చేది న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్. రెండూ ఒకటే కదా?
– కడప నుంచి ఒక అమ్మాయి

జవాబు: కాదమ్మా! చానామంది పిల్లలు ఇక్కడే పొరపడతారు. రామ్‌నాథ్ గోయెంకా అనే మొండి మనిషి నడిపిన పేపర్ అది, ఎమర్జెన్సీ పెట్టినప్పుడు 1975 జూన్ 28న సంపాదకీయం ఉండాల్సిన చోట ఖాళీ వదిలేసినారు, తెల్లగా, ఆ ఖాళీయే సంపాదకీయం. 1991లో ఆయన పోయినాక వారసుల మధ్య భాగాలైనాయి. ఉత్తరాది, బొంబాయి వాళ్లది ఇండియన్ ఎక్స్‌ప్రెస్, దక్షిణాది వాళ్లది 1999 నుంచి న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్. ఓనర్లు వేరు, ఎడిటర్లు వేరు. మీ కోచింగ్ సార్ చెప్పే ఎక్స్‌ప్లెయిన్డ్ పేజీ, అంటే వార్త వెనక సంగతి విడమరిచి చెప్పే పేజీ, ఢిల్లీదాంట్లో ఉంటాది, అది నెట్‌లో చదువుకో.

హిందూ గురించి కూడా ఒక ముక్క. 1878 సెప్టెంబర్‌లో ఆరుగురు కుర్రాళ్లు, కొందరింకా లా చదివే పిల్లోళ్లు, ఒకటిముప్పావు రూపాయి అప్పు తెచ్చి 80 కాపీలు వేసినారు. మద్రాసు హైకోర్టులో మొదటిసారి ఒక భారతీయుణ్ని, ముత్తుస్వామి అయ్యర్‌ను, జడ్జిని చేస్తే తెల్లవాళ్ల పేపర్లు ఏడ్చినాయి, దానికి జవాబుగా. అంటే ఇప్పుడు ఇంత పెద్దమనిషిలా కనబడే పేపర్ కూడా పోట్లాటలోనే పుట్టింది. రోజుకు ఒక ఇంగ్లీషు, ఒక తెలుగు చాలు నీకు. ఐదు పేపర్లు కోసి ఫైలు చేసేవాళ్లను చానామందిని చూసినా, ఫైలు లావైతాది, అంతే.

ప్రశ్న: ఫైనాన్షియల్ టైమ్స్ లేత గులాబీ రంగులో ఎందుకుంటాది?
– బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: పక్కన ఇంకో వ్యాపారం పేపర్ ఉండేది, దాన్నుంచి వేరుగా కనబడాలని 1893లో రంగు కాగితం మొదలుపెట్టినారు. మన ఎకనమిక్ టైమ్స్‌కి కూడా ఆ రంగే, చూసే ఉంటారు.

ప్రశ్న: మద్రాసు, బెజవాడ, హైదరాబాద్ పేపర్లే గానీ మన సీమకంటూ సొంత పేపర్ ఎప్పుడైనా ఉండిందా?
– 74 ఏళ్ల పెద్దాయన, అనంతపురం

జవాబు: ఉండింది సామీ, అదీ మీ ఊర్లోనే. పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురం నుంచి ‘శ్రీ సాధన పత్రిక’ అని వారపత్రిక నడిపినారు. మద్రాసు పేపర్లలో కాలమ్ దొరకని కరువు, తుంగభద్ర నీళ్లు, మన ఊర్ల సంగతులు దాంట్లో పడేవి. పాత సంచికలు చదువుతుంటే కొన్ని ముక్కలు నిన్న రాసినట్టే ఉంటాయి, అదొక బాధ.

కర్నూలుదీ ఒకటుంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూల్లో పుట్టినాయన, బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపినారు, తిరునెల్వేలి కాల్పుల మీద తెల్లదొరలను తిట్టి రాసినందుకు 1908లో రాజద్రోహం కేసు పెట్టి జైల్లో వేసినారు. మూడేళ్ల శిక్ష. బయటికొచ్చినాక ఊరికే ఉన్నారా, ఆంధ్రపత్రికకు ఎడిటర్ అయినారు. ఇంకో సంగతి, సీమకు నీళ్లు, యూనివర్సిటీ, రాజధాని లేదా హైకోర్టు అని 1937లో ఒప్పందం రాసుకున్నది ఆ ఆంధ్రపత్రిక నాగేశ్వరరావు పంతులు గారి మద్రాసు ఇంట్లోనే, ఆ ఇంటి పేరే శ్రీబాగ్. మన సీమ ఒప్పందానికి ఒక పేపర్ ఓనర్ ఇంటి పేరు పడింది, దాని అమలు గురించి మాత్రం ఇప్పటికీ పేపర్లలో రాస్తానే ఉన్నారు.

ప్రశ్న: ఉగ్గాని బజ్జీ పొట్లం కట్టడానికి ఇంగ్లీషు పేపర్ మంచిదా తెలుగు పేపర్ మంచిదా? సీరియస్‌గానే అడుగుతున్నా.
– ఒక గృహిణి, గుంతకల్లు

జవాబు: తల్లీ, ఇంగ్లండోళ్లు కూడా వేయించిన చేప, ఆలూ ముక్కలు నిన్నటి పేపర్లోనే చుట్టుకుని తినేవాళ్లు, ఇంకు కడుపులోకి పోతాదని తర్వాత మానేసినారు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా వేడి తిండి పేపర్లో చుట్టొద్దని 2016లోనే చెప్పింది, ఇంకులో ఉండే రంగులు, సీసం లాంటివి నూనెకు అంటుకుని వస్తాయి. బజ్జీ తీసినాక దాని మీద హెడ్డింగ్ తిరగేసి చదవగలిగితే ఇంకు ఎంత పట్టిందో అర్థం చేసుకోండి. బంకాయన్ను విస్తరాకు ముక్క వేయమని అడగండి, రూపాయి ఎక్కువైతే అయింది. నేనైతే ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తీసుకుపోతా, ఆయన నన్ను చూసి నవ్వుతాడు, పోసేటప్పుడు మాత్రం ఒక గరిటె ఎక్కువే పోస్తాడు.